ఇరవై యేళ్ళ తరవాత ఒక ఉపన్యాసం

మా మావగారు తెనాలి దగ్గర ఒక హైస్కూల్లో ముప్ఫై యేళ్ళు సోషల్ స్టడీస్ చెప్పి రిటైరయిన మాస్టారు. ఆర్నెల్లు మాతో ఉందామని న్యూజెర్సీ వచ్చారు. మొదటి నెల బాగానే గడిచింది. రెండో నెలలో చలి మొదలయ్యేసరికి కిటికీ దగ్గర కూచుని రోడ్డు మీద పోయే కార్లు లెక్కపెట్టడం మొదలెట్టారు. ఆయన అవస్థ చూడలేక, లైబ్రరీ గోడకి అంటించిన ఒక ప్రకటన చూసి, "ప్రాచీన గ్రీసు మీద యూనివర్శిటీలో లెక్చరుందిట, వెళదామా?" అన్నాను.

"టిక్కెట్టెంత?"

"టిక్కెట్టు లేదండీ. ఎవరైనా రావచ్చు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మరి చెప్పేవాడికి సంభావన ఎవరిస్తారు అల్లుడుగారూ?"

ఈ దేశంలో ఇన్నేళ్ళున్నాను గాని ఆ ప్రశ్న నాకెప్పుడూ తోచలేదు. మన ఊళ్ళో పురాణం చెప్పించినా, హరికథ పెట్టించినా, ఎవరో ఒక ఆసామీ ఖర్చు భరిస్తేనే గదా ఊరంతా వచ్చి ఉచితంగా కూచునేది! ఇక్కడా ఆసామీలున్నారు. వెతికితే మొదటివాడు మన దేశంలోనే దొరికాడు.

బోస్టనులో జాన్ లోవెల్ అనే ఆయన ఉండేవాడు. తండ్రి మసాచుసెట్సులో నూలు మిల్లులు పెట్టినవాడు. ఈ కుర్రవాడికి 1830 ప్రాంతంలో భార్య, ఇద్దరు ఆడపిల్లలు ఒకరి వెనక ఒకరు పోయారు. ఇల్లు విడిచి దేశాల మీద పడ్డాడు. ఈజిప్టులో లక్సరు శిథిలాల దగ్గర జబ్బుపడి, బతుకుతానో లేదో అనుకుని, తన వీలునామా అక్కడే రాశాడు. ఆస్తిలో సగం బోస్టను పౌరుల కోసం ఉచిత ఉపన్యాసాలకు! అక్కడినుంచి ఎర్రసముద్రం మీదుగా మన బొంబాయి చేరి, 1836 మార్చిలో అక్కడే కన్నుమూశాడు. అప్పటికి నలభై యేళ్ళు కూడా నిండలేదు. ఆయన డబ్బుతో 1839లో మొదలైన లోవెల్ ఉపన్యాసాల్లోనే హార్వర్డులో గ్రీకు చెప్పే ఫెల్టన్ అనే ప్రొఫెసరు ప్రాచీన గ్రీసు గురించీ, ఆధునిక గ్రీసు గురించీ బోస్టను జనానికి ఏళ్ళ తరబడి చెప్పాడు. అవి ఆయన పోయాక 1867లో రెండు సంపుటాలుగా అచ్చయ్యాయి. మనకి నూలుబట్ట లాంకషైరునుంచి వచ్చి పడుతున్న ఆ రోజుల్లో, నూలు మిల్లుల డబ్బు పెట్టి బోస్టనులో పెరిక్లీసు కథ చెప్పించారన్నమాట.

ఇలాంటివే ఇంకా ఉన్నాయి. 1826లో మసాచుసెట్సులోనే మిల్‌బరీ అనే ఊళ్ళో హోల్‌బ్రుక్ అనే ఆయన రైతులకీ, పనివాళ్ళకీ సాయంత్రం ఉపన్యాసాలు ఏర్పాటుచేసి, ఆ సంఘానికి అరిస్టాటిల్ పాఠశాల పేరే పెట్టాడు - లైసియం అని. అటు కాలిఫోర్నియాలో జేన్ సేథర్ అనే బాంకరుగారి భార్య భర్త పోయాక బర్కిలీ యూనివర్శిటీకి గేటూ, గంటల గోపురం కట్టించి, దానితోపాటు గ్రీకు రోమను సాహిత్యానికి ఒక పీఠం కూడా ఏర్పాటు చేసింది. ఏడాదికొకరు చొప్పున వచ్చి అందరి ముందూ ఉపన్యాసాలిస్తారు, అవి పుస్తకమవుతాయి. గ్రీకుల మనసులో హేతువుకి అందని భాగమెంతో చెప్పిన డాడ్స్‌గారి 1951 నాటి పుస్తకం ఆ వేదిక మీదనుంచి వచ్చిందే. 1947లో ఆ పీఠమెక్కిన మొదటి స్త్రీ లిలీ రాస్ టేలర్. సీజరు కాలంలో రోములో ఓట్లెలా సంపాదించేవారో చెప్పింది. ఆ పుస్తకం చదివితే మన జిల్లా బోర్డు ఎన్నికలు గుర్తొచ్చి నవ్వొస్తుంది.

సరే, మా లెక్చరు సంగతి. హాలులో అరవైమంది ఉంటారేమో. సగానికి పైగా తల నెరిసినవారే. మా ఇద్దరివే గోధుమరంగు మొహాలు. ఆ సాయంత్రం విషయం ఏథెన్సులో ప్నిక్స్ అనే గుట్ట. ఏథెన్సు ప్రజాసభ అక్కడే కూడేది. ఏడాదికి నలభై సార్లు. ముఖ్యమైన వాటికి ఆరువేలమంది హాజరు కావాలి. చాటింపువాడు లేచి "ఎవరు మాట్లాడతారు?" అని కేకవేస్తే, చెప్పులు కుట్టేవాడైనా లేచి మాట్లాడవచ్చు. పని చూసే అయిదువందలమంది మండలిని చీట్లు వేసి ఎన్నుకునేవారు. ఒక మనిషి జీవితంలో రెండు సార్లకు మించి అందులో కూచోడానికి లేదు. మావగారు ఇదంతా స్కూల్లో యాభై సార్లు చెప్పినవారే. అయినా ఆ గుట్ట బొమ్మ తెర మీద పడగానే ముందుకు వంగి కూచున్నారు.

ప్రశ్నలడగమన్నారు. నేను అలవాటు ప్రకారం బూటు వంక చూసుకుంటున్నాను. మావగారు చెయ్యెత్తేశారు! స్కూలు ఇంగ్లీషులో, నిదానంగా, ఒక్కొక్క మాటా విడదీసి అడిగారు: ఆ సభలో కూర్చోడానికి వీల్లేనివాళ్ళు ఎంతమంది? ఊరు కానివాడు యాభై యేళ్ళు అక్కడే బతికితే వాడి సంగతేమిటి?

ఉపన్యాసకుడు సంతోషించాడు. పది నిమిషాలు చెప్పి, చివర, "దీని మీద మన రాష్ట్రంలోనే ఇచ్చిన మూడు ఉపన్యాసాలున్నాయి, చదవండి. మోజెస్ ఫిన్లీవి. ఎక్కడ, ఎప్పుడు ఇచ్చాడో కూడా చూడండి" అన్నాడు.

చూశాను. ఆ పుస్తకం చాలా చిన్నది. ప్రజాస్వామ్యం, ప్రాచీనం, ఆధునికం అని పేరు. రట్గర్స్ యూనివర్శిటీలో 1972 ఏప్రిల్లో ఇచ్చిన మేసన్ వెల్చ్ గ్రోస్ ఉపన్యాసాలు, 1973లో అచ్చయింది. అందులో ఆశ్చర్యమేముంది, అనిపిస్తుంది. ఫిన్లీ ఎవరో తెలుసుకున్నాక గాని ఆ తేదీ విలువ తెలియదు.

మోజెస్ ఫిన్కెల్‌స్టయిన్ 1912లో న్యూయార్కులో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. ఫిన్లీ తరవాత మార్చుకున్న పేరు. పదిహేనో ఏట సిరక్యూజ్ యూనివర్శిటీలో బి.ఏ. పట్టా పుచ్చుకున్నాడు. మనవాళ్ళు పిల్లల్ని రెండు క్లాసులు ఎగదోయించి మురిసిపోతుంటారే, అలాంటి కుర్రవాడు! కొలంబియాలో లా చదివి, క్రమంగా ప్రాచీన చరిత్రలోకి వచ్చాడు. 1930ల్లో న్యూయార్కు చదువుకున్న కుర్రాళ్ళలో చాలామందిలాగే వామపక్షం వైపు మొగ్గినవాడు. 1948 నుంచి రట్గర్సువారి నూఅర్క్ కాలేజీలో చరిత్ర చెప్పేవాడు.

1951లో కార్ల్ విట్‌ఫోగెల్ అనే పండితుడు సెనేటు కమిటీ ముందు ఫిన్లీ పేరు చెప్పాడు, కమ్యూనిస్టు అని. ఈ విట్‌ఫోగెల్ పేరు మనలో కొందరికి వేరేగా తెలుసు. ఆసియాలో పెద్ద పెద్ద నీటి పారుదల పనులుండడంవల్లే నిరంకుశ ప్రభుత్వాలు పుట్టాయని 1957లో లావుపాటి పుస్తకం రాసిన ఆసామీ ఈయనే. మా మావగారు దానికి, "మా ఊరి చెరువు తూము ఎప్పుడెత్తాలో ఊరివాళ్ళే కూచుని తేల్చుకునేవాళ్ళం, ఏ చక్రవర్తీ రాలేదు" అన్నారు. అదొక పెద్ద చర్చ, ఇప్పుడొద్దు.

1952 మార్చిలో ఫిన్లీని కమిటీ పిలిచింది. ఇప్పుడు పార్టీలో లేనన్నాడు. ఎప్పుడైనా ఉన్నావా అంటే, అమెరికా రాజ్యాంగం అయిదో సవరణ ఇచ్చిన హక్కు ప్రకారం జవాబివ్వనన్నాడు. తనకు వ్యతిరేకంగా తనే సాక్ష్యం చెప్పనక్కర్లేదనే హక్కు అది. యూనివర్శిటీలో అధ్యాపకుల కమిటీ ఒకటి విచారించి, ఆయన మీద ఏ చర్యా అక్కర్లేదని ఏకగ్రీవంగా చెప్పింది. ట్రస్టీలు దాన్ని పక్కకు నెట్టారు. ఇలాంటి కమిటీ ముందు అయిదో సవరణ చాటుకు పోవడమే తక్షణం తీసెయ్యడానికి చాలిన కారణమని తీర్మానించారు. ఆ డిసెంబరుతో ఫిన్లీ ఉద్యోగం పోయింది. ఆయనతోపాటు ఫార్మసీ కాలేజీలో లెక్కలు చెప్పే హైమ్లిచ్ అనే ఆయనదీ పోయింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఆ సెనేటు కమిటీకి ఛైర్మను నెవాడా సెనేటరు పాట్ మెకారన్. అదే 1952లో, అదే మెకారన్ పేరుతో, ప్రెసిడెంటు ట్రూమన్ వద్దని వీటో చేసినా పాసయిన వలస చట్టం ఒకటుంది. ఏడాదికి ఇండియానుంచి నూరుమంది - అంతే - అనే కోటా అది కొనసాగించింది. 1965 చట్టం వచ్చి ఆ కోటా తీసేసేదాకా మనలో ఎవరికీ ఇక్కడ తలుపు లేదు. ఒక చేత్తో గ్రీకు మాస్టారిని బయటికి తోసినవాడు, రెండో చేత్తో మన గుంటూరు డాక్టరుని లోపలికి రాకుండా ఆపాడు. మన సంఘం మీటింగుల్లో అమెరికా గొప్పదనం గురించి ఎన్నో ఉపన్యాసాలు విన్నాం, మెచ్చుకోవలసిన గొప్పదనమే. ఈ ముక్క మాత్రం ఎవరూ చెప్పగా నేను వినలేదు.

ఫిన్లీకి ఇక్కడ మళ్ళీ యూనివర్శిటీ పని దొరకలేదు. ఇంగ్లండు పిలిచింది. 1954లో హోమరు కాలపు సమాజం గురించి ఆయన రాసిన పుస్తకం వచ్చింది; మరుసటి ఏడు కేంబ్రిడ్జిలో ఉద్యోగం. 1962లో బ్రిటిషు పౌరుడయ్యాడు, 1970లో ప్రాచీన చరిత్రకు ప్రొఫెసరు, 1979లో సర్ మోజెస్. మనం ఎటునుంచి ఎటు వస్తున్నామో ఆయన దానికి ఎదురు దారిన పోయాడు. 1986లో భార్య పోయిన మర్నాడే పోయాడు.

అలాంటివాణ్ణి 1971-72లో బర్కిలీ సేథర్ పీఠానికి పిలిచింది. తరవాత ఏప్రిల్లో రట్గర్సే పిలిచింది. తీసేసిన ఇరవై యేళ్ళకు! ఉపన్యాసాలకు పేరున్న మేసన్ గ్రోస్ 1959 నుంచి 1971 దాకా అక్కడ ప్రెసిడెంటు. 1965లో వియత్నాం యుద్ధం మీద నోరు జారాడని ఒక చరిత్ర ప్రొఫెసర్ని తీసెయ్యమని రాష్ట్రమంతా గోలపెడితే, తియ్యనని నిలబడ్డ మనిషి. ఆయన పేరుతో పెట్టిన వేదిక మీద ఫిన్లీ నిలబడడం అందంగానే ఉంది.

ఏం మాట్లాడి ఉంటాడనుకున్నారు? నా గోడు వినండి అనలేదు. తన పేరెత్తలేదు. మూడు సాయంత్రాలు ఏథెన్సు గురించి మాట్లాడాడు. ఆ రోజుల్లో అమెరికన్ రాజనీతి పండితులు కొందరు ఒక వింత సిద్ధాంతం చెబుతుండేవారు: సామాన్యుడు రాజకీయాలు పట్టించుకోకపోవడమే మంచిది, అది ప్రజాస్వామ్యం ఆరోగ్యంగా ఉందనడానికి గుర్తు, తెలిసినవాళ్ళు నడుపుతారు, మిగతావారు నాలుగేళ్ళకోసారి ఓటేస్తే చాలు, అని. ఫిన్లీ దీన్ని ఏథెన్సు ముందు నిలబెట్టి పరీక్షించాడు. క్రీ. పూ. 415లో సిసిలీ మీదికి దండెత్తాలా అని సభలో చెయ్యెత్తిన రైతు, తెడ్డు వెయ్యడానికి వెళ్ళేది తనే అని తెలిసి చెయ్యెత్తాడు. తప్పు నిర్ణయమే, సర్వనాశనమైంది. కాని ఎవరో ఎక్కడో తేల్చిన యుద్ధానికి పిల్లాడిని పంపి టెలివిజనులో చూడడం లాంటిది కాదది. 1972లో, న్యూజెర్సీ కుర్రాళ్ళు వియత్నాంలో ఉండగా, ఆ హాలులో ఈ మాట ఎలా వినపడి ఉంటుందో ఊహించుకోవచ్చు.

మూడో ఉపన్యాసం సోక్రటీసు మీద. క్రీ. పూ. 399. డెబ్భై యేళ్ళ మాస్టారు, అయిదువందల పైచిలుకు జ్యూరీ. ప్లేటో లెక్క ప్రకారం ముప్ఫై ఓట్లు అటువైపు పడి ఉంటే బతికిపోయేవాడు. ఈ కథ చెప్పేవాళ్ళు సాధారణంగా మూర్ఖపు జనం జ్ఞానిని చంపారని ముగిస్తారు. ఫిన్లీ అలా వదలడు. ఆ జ్యూరీలో కూచున్నవాళ్ళెవరో చూడమంటాడు. ఇరవై ఏడేళ్ళ యుద్ధంలో ఓడినవాళ్ళు. ప్లేగులో ఇంటివాళ్ళని పోగొట్టుకున్నవాళ్ళు. అయిదేళ్ళ క్రితమే ముప్ఫైమంది నియంతల పాలనలో బంధువులు హత్యకావడం చూసినవాళ్ళు. ఆ నియంతల నాయకుడు క్రిటియాస్ ఒకప్పుడు సోక్రటీసు చుట్టూ తిరిగినవాడే. భయపడ్డ సమాజం మాస్టారిమీద పడింది. క్షమించమని ఆయన అనడు. ఎలా జరిగిందో చూడమంటాడు, అంతే. అదివరకు స్వేచ్ఛగా మాట్లాడుకున్న ఊరే, భయం పట్టుకున్న రోజున అలా చేసింది. తన సంగతి ఒక్క ముక్క చెప్పకుండా తన సంగతంతా చెప్పాడని నాకనిపిస్తుంది. ఇది నా ఊహే, పుస్తకంలో లేదు.

మావగారి ప్రశ్నకి వస్తాను. ఏథెన్సులో సభలో కూచోడానికి వీల్లేనివాళ్ళే ఎక్కువ. ఆడవాళ్ళు లేరు, బానిసలు లేరు. గ్రీసులో స్వేచ్ఛ, బానిసత్వం రెండూ ఒకదాని చెయ్యి పట్టుకుని మరొకటి పెరిగాయని ఫిన్లీయే వేరేచోట వాదించాడు. ఏథెన్సుని నెత్తికెత్తుకునేవాళ్ళు ఇది మరిచిపోకూడదు. మూడో రకం మెటిక్‌లు. అంటే బయటి ఊరినుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు. చదువుతుంటే అద్దంలో చూసుకున్నట్టే ఉంది. వాడికి స్పాన్సరుగా ఒక పౌరుడుండాలి. ఏడాదికి పన్నెండు ద్రాక్మాలు తలపన్ను. చేతిపనివాడి పన్నెండు రోజుల కూలీకి దగ్గర. ఒంటరి ఆడదయితే ఆరు. యుద్ధం వస్తే సైన్యంలోకి వెళ్ళాలి. ఇల్లు, పొలం కొనడానికి వీల్లేదు. సభలో మాట లేదు. పోనీ పిల్లలు అక్కడే పుడితే? క్రీ. పూ. 451లో పెరిక్లీసు పెట్టించిన చట్టం ప్రకారం తల్లీ తండ్రీ ఇద్దరూ పౌరులైతే తప్ప పిల్లలు పౌరులు కారు. మూడు తరాలున్నా మెటిక్ మెటిక్కే.

లైసియం స్థాపించిన అరిస్టాటిల్ మెటిక్. ప్లేటో రిపబ్లిక్ సంభాషణ జరిగిన ఇల్లు ఒక మెటిక్‌ది. సెఫలస్ అని, సిరక్యూజు నుంచి వచ్చినవాడు. (సిసిలీ సిరక్యూజులెండి, ఫిన్లీ చదివిన సిరక్యూజ్ కాదు.) ఆ కుటుంబానికి డాళ్ళు చేసే పెద్ద కార్ఖానా ఉండేది. ముప్ఫైమంది నియంతలు డబ్బు కోసం ఆ ఇంటి మీద పడి, ఒక కొడుకు పోలెమార్కస్‌ని చంపారు. రెండో కొడుకు లిసియాస్ పారిపోయి, తిరిగొచ్చి, ఇతరుల కేసులకు ఉపన్యాసాలు రాసి పెట్టి బతికాడు. ఏథెన్సులోకెల్లా మంచి వచనం రాసినవాడని పేరు. ఓటు మాత్రం లేదు.

మనలో ఇలాంటివాడు లేడా? భీమవరంలో పుట్టి 1923లో బోస్టనులో దిగిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆ ఏడే సుప్రీం కోర్టు భారతీయులకు ఇక్కడ పౌరసత్వం తగదని తీర్పిచ్చింది. 1946 దాకా ఆ తలుపు మూసే ఉంది. ఆయన పని చేసిన మందులు ఇక్కడి పిల్లల్ని బతికించాయి. 1948లో పోయేదాకా ఆయన ఈ దేశ పౌరుడు కాలేదు.

ఒక విషయంలో ఫిన్లీతో నాకు పేచీ ఉంది. బర్కిలీ ఉపన్యాసాలు ప్రాచీనుల ఆర్థిక వ్యవస్థ మీద. బండి మీద ధాన్యం డెబ్భై అయిదు మైళ్ళు తోలే ఖర్చుకంటే, ఓడ మీద మధ్యధరా సముద్రం ఈ చివరనుంచి ఆ చివరకు పంపడం చవక, అంచేత దూరపు వ్యాపారం ఓడరేవుల చుట్టే ఆగిపోయింది, ఆ రోజుల్లో అసలు సంపద భూమే, అంటాడు. బండి సంగతి నిజమే, మా తాత కూడా అదే అనేవాడు. కాని మా వైపు తవ్వితే వచ్చేవేమిటి? నల్గొండ జిల్లా అక్కనపల్లిలో రోమను వెండి నాణేలు పదిహేను వందలకు పైగా దొరికాయి. వినుకొండలో బంగారు నాణేలు. నాగార్జునకొండలోనూ ఉన్నాయి. మసాలియా తీరంలో నాణ్యమైన సన్నబట్టలు దొరుకుతాయని మొదటి శతాబ్దపు గ్రీకు నావికుడు రాసుకున్నాడు, మన కృష్ణా తీరం అదే. టాలమీ చెప్పిన కొంటకొస్సిల రేవు మన ఘంటసాల. ఫిన్లీ చనిపోవడానికి ఒక ఏడాది ముందు, 1985లో, వియన్నాలో ఉన్న ఒక పాపిరస్ కాగితం అచ్చులోకి వచ్చింది. కేరళ ముచిరి నుంచి వెళ్ళిన ఒక్క ఓడ సరుకు దగ్గర దగ్గర డెబ్భై లక్షల సెస్టర్సులని అందులో లెక్క. ఒక్క ఓడ! ఇది చూసి ఉంటే ఆ ఉపన్యాసాలు కొంచెం వేరేగా ఉండేవేమో. మధ్యధరాలో కూచుని చూస్తే ఘంటసాల చిన్నగానే కనపడుతుంది మరి.

మావగారు వెళ్ళే ముందు ఆ చిన్న పుస్తకం పూర్తి చేశారు. మార్జినులో పెన్సిలుతో తెలుగులో గీతలు, ప్రశ్నలు. లైబ్రరీ పుస్తకమండీ అంటే, చెరిపేస్తాలే అన్నారు, చెరపలేదు. విమానాశ్రయానికి వెళ్ళే దారిలో, "మీ ఊరి స్కూలు బోర్డు మీటింగుకు ఎవరైనా రావచ్చా?" అని అడిగారు. రావచ్చన్నాను. "నువ్వు మెటిక్‌వి కూడా కావు గదా, పౌరుడివేగా. ఎన్నిసార్లు వెళ్ళావు?"

పదకొండేళ్ళుగా ఈ ఊళ్ళో పన్ను కడుతున్నాను. ఒక్కసారీ వెళ్ళలేదు. పిల్లల మార్కులు, లెక్కల పోటీలు, వీటి గురించయితే ఎవరితోనైనా గంటలు మాట్లాడతాం. స్కూలు నడిపేదెవరు, ఎలా ఖర్చు పెడతారు అంటే మనకెందుకులే అంటాం. పరాయి చోట నోరెత్తితే ఏమవుతుందో అనే భయం మొదట్లో వీసా ఇచ్చింది. వీసా పోయి పాస్‌పోర్టు వచ్చినా ఆ భయం మాత్రం ఉండిపోయింది.

పోయిన మంగళవారం వెళ్ళాను. వెనక వరసలో కూచున్నాను. బస్సుల కాంట్రాక్టు మీద రెండు గంటలు మాట్లాడారు. చివర ఛైర్మను, ఎవరైనా మాట్లాడతారా అని అడిగింది. ముసలాయన ఒకడు లేచి ట్రాఫిక్ లైటు గురించి తగువేసుకున్నాడు. నేను లేవలేదు. వచ్చే నెల రెండో మంగళవారం మళ్ళీ ఉంది. మన సంఘంలో ఆ ఊరివాళ్ళు ఎవరైనా వస్తానంటే కారులో తీసుకువెళతాను.